స్లాషర్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తెల్లబడింది, డీజిల్ పోసి కడగాలా వద్దా?

నార్పల_చీనీ

చీనీ (బత్తాయి) తోటలో సాళ్ల మధ్య గడ్డి కొట్టడానికి ఐదడుగుల స్లాషర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ట్రాక్టర్ వెనక తగిలించి పీటీవో (ఇంజిన్ శక్తిని వెనక పనిముట్టుకు ఇచ్చే తిరిగే షాఫ్ట్) మీద తిప్పేది. గేర్‌బాక్స్ పై బిరడా విప్పి చూస్తే లోపలి ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. అమ్మినాయన్ని అడిగితే "దానికి ఆయిల్ మార్చే పనే లేదు, లైఫ్ టైమ్" అంటాడు. మా ఊరి మెకానిక్ లీటరు డీజిల్ పోసి పది నిమిషాలు తిప్పి వంపేయమంటాడు. ఆయిల్ షాపాయన ఏమో కడిగే పనేం లేదు, తగ్గినంత పోసి నడుపుకో అంటాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. పైగా దీనికి కింద డ్రెయిన్ నట్టే లేదు. పక్కన ఒక చిన్న బోల్టు ఉంది, అదెందుకో తెలీదు. కడగాలా, కడిగితే దేంతో? తర్వాత 90 నంబర్ గేరాయిల్ పోయాలా, ఇంకా చిక్కటి 140 పోయాలా? వానలకు గడ్డి మోకాలెత్తు లేచింది, తొందరగా చెప్పండి.

శనక్కాయ_చేను

లైఫ్ టైమ్ అంటే మీ లైఫ్ టైమ్ కాదన్నా, గేర్‌బాక్స్‌ది. అది పోయేదాకా మార్చక్కర్లేదని ఆయన ఉద్దేశం.

పానా_12_13

ఆ రంగు వచ్చిందంటే నీళ్లు చేరినట్టే, వేరే అనుమానం పెట్టుకోవద్దు. తగ్గినంత పోసి నడపమన్న మాట మాత్రం వినొద్దు. నీళ్లు కలిసిన ఆయిల్ మీద కొత్త ఆయిల్ పోస్తే కొత్తది కూడా పాడవుతుంది, అంతే.

నీళ్లు ఎట్లా పోయాయో ముందు చూడు. పై బిరడాకు చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. వేడెక్కినప్పుడు లోపలి గాలి దాంట్లోంచి బయటకు పోవాలి, చల్లారినప్పుడు లోపలికి రావాలి. అది మట్టితో మూసుకుపోతే ఆ గాలి ఆయిల్ సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయం) పక్కనుంచి దారి చేసుకుంటుంది. పని కాగానే కాలుతున్న గేర్‌బాక్స్ మీద మోటారు నీళ్లు పట్టి కడుగుతారు చూడు, లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని సీల్ అంచున ఉన్న నీళ్లను లోపలికి లాగేస్తుంది. ఇంకొంతమంది బ్రీదర్ పోతే దాని బదులు ఏదో ఒక బోల్టు బిగించేస్తారు. మీ దానికి బ్రీదరే ఉందా, మామూలు బోల్టా? ఫోటో పెట్టు.

నార్పల_చీనీ

మామూలు బోల్టే అన్నా. దానికి రంధ్రం గింధ్రం ఏమీ లేదు.

పానా_12_13

మరి దొంగ దొరికాడు. ఆయిల్ కొనేముందు బ్రీదర్ కొను.

పాత_ట్రాక్టర్

మేం ట్రాక్టర్ కొన్న కాలం నుంచీ గేర్‌బాక్స్ ఏదైనా డీజిల్‌తోనే కడుగుతున్నాం. రోటవేటర్, నాగళ్లు, పెద్ద ట్రాలీ హబ్బులు అన్నీ. ఏదీ పోలేదు. డీజిల్ పోయడం, కాసేపు తిప్పడం, వంపడం. ఇప్పటి పిల్లలు పుస్తకాలు చూసి ప్రతిదానికీ భయపడతారు. ముందు కిరసనాయిలు వాడేవాళ్లం, ఇప్పుడు రేషన్‌లో అది ఎక్కడుందప్పా.

నల్లరేగడి

పెద్దాయనా, మీ బండ్లకు కింద డ్రెయిన్ నట్టు ఉంది. మొత్తం దిగిపోయింది. ఈయన దానికి నట్టే లేదు, అసలు తిరకాసు అక్కడ ఉంది.

కొంచెం లెక్క చెబుతాను. 40 డిగ్రీల దగ్గర 90 నంబర్ గేరాయిల్ చిక్కదనం 150 సెంటీస్టోక్స్‌కు పైనే ఉంటుంది. డీజిల్‌ది 2 నుంచి 4.5 మధ్య. గేర్‌బాక్స్ మూలల్లో, బేరింగ్‌ల వెనకాల నూటికి పది పాళ్లు డీజిల్ మిగిలిపోయిందనుకోండి, మీరు కొత్తగా పోసిన ఆయిల్ చిక్కదనం దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బులు పెట్టి 90 ఆయిల్ కొని, లోపల అంతకంటే పలచటి ఆయిల్‌తో నడుపుతారు. గడ్డి పలచగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. గట్టి గుబురు తగిలి బ్లేడు ఆగి ఆగి తిరుగుతుంటే, గేరు పళ్ల మధ్య ఆయిల్ పొర నిలవక ఇనుముకు ఇనుము తగులుతుంది.

ఇంకొకటి, డీజిల్ ఒక్కటే పోసి పీటీవో మీద పది నిమిషాలు తిప్పమనడం అసలు నాకు నచ్చలేదు. లోడ్ లేకున్నా 540 ఆర్‌పీఎం పీటీవో అది, పై షాఫ్ట్ బేరింగ్‌కు ఆ పది నిమిషాలూ చిందే డీజిలే ఆధారం.

పాత_ట్రాక్టర్

నేను 540 మీద తిప్పమని చెప్పలేదే. చేత్తో తిప్పుతాం మేము. బ్లేడు పట్టుకుని అటూ ఇటూ.

నల్లరేగడి

చేత్తో తిప్పితే నాకు పేచీ లేదు. ఆయన మెకానిక్ చెప్పింది ఇంజిన్ పెట్టి తిప్పమని.

గరిక_పీకేవాడు

చేత్తో బ్లేడు తిప్పేవాళ్లు ముందు ట్రాక్టర్ తాళం జేబులో వేసుకోండి సామీ. పీటీవో షాఫ్ట్ ఊడదీసి పక్కన పెట్టండి. పిల్లోడు ఒకడు వచ్చి స్టార్ట్ చేస్తే వేళ్ల లెక్క మారిపోతుంది.

మైదుకూరు_పసుపు

మధ్యలో దూరుతున్నాను. నా దగ్గర భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్ ఉంది. దానికి కూడా ఈ 90 ఆయిలే పోయాలా? కింద బ్లేడు దగ్గర గేర్ హెడ్‌కు ఒక బోల్టు ఉంది. సర్వీసుకు ఇచ్చిన షాపులో దాంట్లో గేరాయిల్ పోసి ఇచ్చారు. గంట నడిపేసరికి ప్యాంటంతా నూనె, బ్లేడు కింద ధార.

పానా_12_13

బ్రష్ కట్టర్ గేర్ హెడ్‌కు ఆయిల్ కాదు, గ్రీజు. లిథియం గ్రీజు. ఆ హెడ్డు ఆయిల్‌ను ఆపేలా చేసింది కాదు, అందుకే కారింది. బోల్టు విప్పు, ట్యూబుతోనో చిన్న గ్రీజు గన్‌తోనో ఎక్కించు, పాత నల్ల గ్రీజు బ్లేడు వైపు నుంచి బయటకు వస్తుంది, తుడిచెయ్. బ్లేడు పట్టుకునే ప్లేటు ముందే విప్పి పెట్టుకుంటే పాతది బయటకు రావడానికి దారి ఉంటుంది. నిండా కుక్కొద్దు, వేడెక్కుతుంది. 20, 25 గంటల పనికి ఒకసారి చూసుకుంటే చాలు. ఇప్పుడు పోసిన ఆయిల్ మొత్తం కారనిచ్చి తుడిచి గ్రీజు పెట్టు.

మైదుకూరు_పసుపు

అర్థమైంది. ఆ షాపు మొహం మళ్లీ చూడను.

శనక్కాయ_చేను

చూడు చూడు, ప్యాంటు డబ్బులు అడుగు.

కాలేజీ_గ్రౌండ్

కర్నూలులో ఒక కాలేజీ గ్రౌండ్ లాన్ చూసుకుంటాను. మీద కూర్చుని నడిపే మోవర్ మాది. దీనికి ముందుకూ వెనక్కీ గేర్లు ఉండవు, పెడలు తొక్కితే పోతుంది, హైడ్రోస్టాటిక్ అంటారు. అలాంటివి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ చర్చ చూసి 90 గేరాయిల్ పోసేస్తారేమోనని రాస్తున్నా. దాంట్లో పంపు ఉంటుంది, ఆ ఆయిల్ వేరు. చాలావాటికి 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ అడుగుతారు, కొన్నిటికి కంపెనీ సొంత ఆయిల్. పుస్తకం చూడకుండా ముట్టుకోవద్దు.

మార్చాక ఇంకో పని ఉంది. లోపల గాలి చిక్కుకుంటుంది. వెనక చక్రాలు నేలకు ఆనకుండా ఎత్తి పెట్టి, బండిని తోసుకోవడానికి ఉండే బైపాస్ లివర్ తెరిచి, ఇంజిన్ మెల్లగా పెట్టి పెడలు ముందుకూ వెనక్కీ నిదానంగా తొక్కాలి. తర్వాత లివర్ మూసి మళ్లీ తొక్కాలి. ఆయిల్ మట్టం దిగుతుంది, పోయాలి. ఇది చేయకపోతే ఊళ వేస్తూ ఎత్తు ఎక్కదు. ఆ ఊళ విని పంపు పోయిందని విప్పించుకున్నవాళ్లను చూశాను.

నార్పల_చీనీ

మాది పల్లెటూరి స్లాషర్ అన్నా, పెడలు లేదు గిడలు లేదు. నా ప్రశ్నకు రండి. నట్టు లేనిదాంట్లోంచి ఆయిల్ ఎట్లా తీయాలి?

పులివెందుల_అరటి

తమ్ముడూ, చీనీ తోట అంటున్నావు, డ్రిప్ ఉంటుంది కదా. 4 ఎంఎం మైక్రో ట్యూబ్ ఒక మూర కత్తిరించు. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి దొరుకుతుంది. ట్యూబు దాని మూతికి తొడిగి, పై రంధ్రంలోంచి అడుగుదాకా దించి లాగు. మేమట్లానే చేస్తాం. కాకపోతే గేరాయిల్ చిక్కగా ఉంటుంది, బొటనవేలు నొప్పి పుడుతుంది. కాస్త ఓపిక కావాలి.

నల్లరేగడి

అక్కా, 4 ఎంఎం ట్యూబులో 90 ఆయిల్ లాగాలంటే బొటనవేలు కాదు, భుజం పోతుంది. ఇంకొంచెం లావు పైపు పెట్టుకుంటే సగం టైమ్‌లో అయిపోతుంది. బ్యాటరీ మీద నడిచే చిన్న ఆయిల్ పంపులు కూడా వచ్చాయి ఇప్పుడు.

ఆయిల్‌ను కాస్త వేడి చేసుకుని తీయడం మేలు. ట్రాక్టర్‌కు తగిలించి, బ్లేడు నేలకు తగలకుండా ఎత్తి, లోడ్ లేకుండా ఐదు నిమిషాలు తిప్పితే పలచబడుతుంది, అడుగున పేరుకున్న ముద్ద కూడా కదులుతుంది.

పానా_12_13

ఇక్కడ నేను ఒప్పుకోను. మామూలు పాత ఆయిల్ అయితే వేడి చేసి తీయడమే కరెక్ట్. ఇది నీళ్లు కలిసిన ఆయిల్. తిప్పినకొద్దీ ఇంకా కలిసిపోతుంది. రెండు మూడు రోజులు కదపకుండా పెడితే కొన్ని నీళ్లు అడుగుకు దిగుతాయి. పైపు అడుగుదాకా పెట్టి ముందు ఆ నీళ్లు లాగెయ్, తర్వాత మిగతాది వేడి చేసి లాగు.

నల్లరేగడి

బాగా కలిసిపోయినది అంత తేలిగ్గా విడిపోదు. కానీ ముందు అడుగున ఉన్నది లాగమన్నది మంచి మాటే. రెండూ చేయొచ్చు.

పాత_ట్రాక్టర్

ఇంత అవస్థ ఎందుకు. బ్లేడ్లు విప్పి, పై బిరడా తీసి, చైన్ బ్లాకుతో ఎత్తి తలకిందులు చేస్తే మొత్తం కారిపోతుంది. మేము చింతచెట్టు కొమ్మకే కట్టి చేసేవాళ్లం.

గరిక_పీకేవాడు

చింతకొమ్మ కాబట్టి సరిపోయింది. మునగచెట్టు ఉన్నవాళ్లు ప్రయత్నించకండి.

పానా_12_13

తలకిందులు చేయడం మంచి పద్ధతే, పూర్తిగా ఖాళీ అవుతుంది. కానీ స్లాషర్ బరువు తక్కువేం కాదు, తిప్పేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు. ట్రాక్టర్ హైడ్రాలిక్ మీద ఎత్తి కింద దూరి పని చేయడం అసలు వద్దు. హైడ్రాలిక్ సీల్ కారి ట్రాక్టర్ లిఫ్ట్ చేతులు దిగుతాయి, నిమిషం కూడా పట్టదు. కింద రాతి కంబం ముక్కలో, కొయ్య దిమ్మలో గట్టిగా పెట్టి దాని మీద ఆనించాలి.

పక్కన ఉన్న చిన్న బోల్టు మట్టం చూసే బోల్టు. స్లాషర్‌ను సమంగా నిలిపి, ఆ బోల్టు తీసి, పైనుంచి పోస్తూ ఉండు. ఆ రంధ్రంలోంచి ఆయిల్ కారడం మొదలుపెట్టినప్పుడు ఆపు. కారడం ఆగాక బోల్టు బిగించు. ఎన్ని లీటర్లు అని ఎవర్నీ అడగాల్సిన పని లేదు. చిన్న గేర్‌బాక్స్‌లకు లీటరు, లీటరున్నర పడుతుంది, పెద్దవాటికి రెండుకు పైన.

నార్పల_చీనీ

ఇప్పటిదాకా అది ఏదో ఫిట్టింగ్ బోల్టు అనుకున్నాను. థాంక్స్ అన్నా. కడగడం సంగతి తేల్చండి ఇంకా.

నల్లరేగడి

నేనైతే ఇట్లా చేస్తాను. పాతదంతా తీశాక చవకది అయినా సరే, సీల్ తీయని గేరాయిల్ ఒక డబ్బా కొని సగం దాకా పోస్తాను. లేదా 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్. లోడ్ లేకుండా తక్కువ ఆర్‌పీఎంలో కొన్ని నిమిషాలు తిప్పి, వేడిగా ఉన్నప్పుడే లాగేస్తాను. తెల్లగా వస్తే మళ్లీ. రంగు మారకుండా వచ్చేదాకా. కొంచెం మిగిలిపోయినా అది ఆయిలే కాబట్టి కొత్తదాన్ని చెడగొట్టదు. డీజిల్ అయితే మిగిలిన ప్రతి చుక్కా పలచన చేస్తుంది, మీకు డ్రెయిన్ నట్టు లేదు కాబట్టి మిగలడం ఖాయం.

పాత_ట్రాక్టర్ పెద్దాయన పద్ధతిలో తలకిందులు చేసేవాళ్లయితే డీజిల్‌తో చేత్తో తిప్పి కడిగి, రాత్రంతా ఒంచి ఆరనిచ్చి, ఆ తర్వాత ఒకసారి ఆయిల్‌తో తొలిపి పారబోస్తే సరిపోతుంది. అడుగున తారు కట్టి గట్టిపడిన ముద్ద ఉంటే డీజిల్ లేకుండా కదలదు, అది నేనూ ఒప్పుకుంటాను.

పాత_ట్రాక్టర్

ఇంత తిరిగి నా మాటకే వచ్చావు కదా.

నల్లరేగడి

సగం మాటకు.

శనక్కాయ_చేను

పెట్రోలుతో కడిగితే తొందరగా ఆరిపోతుంది కదా, ఎవరూ చెప్పడం లేదే?

పానా_12_13

వద్దు. మూసి ఉన్న ఇనుప డబ్బాలో పెట్రోలు ఆవిరి, పక్కన ట్రాక్టర్ సైలెన్సర్. ఇంక చెప్పాలా? థిన్నర్ కూడా అంతే, దానికి తోడు రబ్బరు సీల్ ఉబ్బుతుంది.

నార్పల_చీనీ

90యా 140యా? అనంతపురం ఎండలకు 140 పోయమని మా వాళ్లు చెబుతున్నారు. ఎండాకాలంలో 90 నీళ్లయిపోతుందంట.

నల్లరేగడి

బయట 42 డిగ్రీలు ఉండటం వేరు, గేర్‌బాక్స్ లోపల ఉండే వేడి వేరు. ఆ నంబర్లు వేడి మీద కొలిచినవే. 100 డిగ్రీల దగ్గర 90 ఆయిల్ 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, 140 అయితే 24 నుంచి 32.5 మధ్య. మన ఎండకు 90 నీళ్లయిపోదు. కంపెనీ ప్లేటు మీదో పుస్తకంలోనో ఏది రాసి ఉంటే అది. ఎక్కువ స్లాషర్లకు ఈపీ 90 లేదా 80డబ్ల్యూ-90 అనే ఉంటుంది. 140 మరీ చిక్కనిది, పై బేరింగ్‌కు చిందడం తగ్గుతుంది. రోటవేటర్ పక్క చైన్ కేసుకు కొన్ని కంపెనీలు 140 చెబుతాయి, బహుశా మీ వాళ్లు అది గుర్తుపెట్టుకుని అంటున్నారు.

డబ్బా మీద ఈపీ అన్న అక్షరాలు మాత్రం ఉండాలి. గేరు పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నొక్కుకుంటాయి, ఆ ఒత్తిడికి తట్టుకునే మందు అందులో కలుపుతారు. జీఎల్-4, జీఎల్-5 అని కూడా రాసి ఉంటుంది. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందు ఎక్కువ, లోపల ఇత్తడి భాగాలు ఉంటే కొన్నిసార్లు వాటిని తినేస్తుంది. స్లాషర్ గేర్‌బాక్స్‌లో మామూలుగా ఇత్తడి ఉండదు, ఏది పోసినా నడుస్తుంది. మిగిలిందని ట్రాక్టర్ వెనక హౌసింగ్‌లో మాత్రం పోయకండి. అక్కడ బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే బండ్లకు వేరే ఆయిల్ ఉంటుంది. ఈపీ 90 పోస్తే బ్రేకులు అరుస్తాయి, జారతాయి.

పులివెందుల_అరటి

డ్రమ్ములోంచి లూజుగా పోసి అమ్మే ఆయిల్ కొనొద్దు తమ్ముడూ. మా వైపు దుకాణాల్లో పాత ఇంజిన్ ఆయిల్ వడగట్టి గేరాయిల్ అని అమ్మిన సంగతి నాకు అనుభవం. వాసన చూస్తే తెలుస్తుంది. గేరాయిల్‌కు గంధకం ఘాటు ఉంటుంది, ముక్కు ముడుచుకునేంత. ఆ వాసనే లేకపోతే అనుమానించు.

నార్పల_చీనీ

అక్కా, మీరు అరటి తోటలో స్లాషర్ దేనికి వాడతారు?

పులివెందుల_అరటి

గెలలు కొట్టాక చెట్లు నేల మీద పరిచి స్లాషర్ తోలతాము, ముక్కలై మట్టిలో కలిసిపోతాయి. కానీ అరటి నార పెద్ద తలనొప్పి. బ్లేడు పైన షాఫ్ట్ చుట్టూ పేలికలు పేలికలుగా చుట్టుకుంటుంది, పచ్చిగా ఉన్నప్పుడు తీస్తే వస్తుంది, ఎండితే తాడే. సీల్‌ను లోపలికి నెట్టేస్తుంది. సాయంత్రం స్లాషర్ దింపగానే కొడవలి పెట్టి కోసి తీసేయమని డ్రైవర్‌కు మొదటి రోజే చెప్పాను. చీనీలో నార ఉండదు కానీ నీకు డ్రిప్ ఉంది కదా?

పానా_12_13

అక్క కరెక్ట్ పాయింట్ పట్టింది. తోటల్లో స్లాషర్లకు ఆయిల్ కారడానికి డ్రిప్ లేటరల్ పైపులు కూడా ఒక కారణం. బ్లేడు కింద పడి పైపు తెగుతుంది, తెగిన ముక్క పైకి లేచి షాఫ్ట్‌కు చుట్టుకుని వేడికి కరిగి సీల్ అంచును కోసేస్తుంది. ఆయిల్ మార్చేముందు బ్లేడు పళ్లెం తీసి చూడు. పళ్లెం పట్టుకుని పైకీ కిందికీ ఊపు. లొడలొడమని కదిలితే బేరింగ్ పోయింది, అది మార్చకుండా కొత్త సీల్ వేసినా నెల నిలవదు.

నార్పల_చీనీ

పళ్లెం తీశాను. అక్క చెప్పినట్టే ఉంది. డ్రిప్ పైపు కరిగి నల్లటి ఉంగరం కట్టింది, దాంతోపాటు ఒక జీఐ తీగ, చీర అంచు ముక్క కూడా. బేరింగ్ కదలడం లేదు, గట్టిగానే ఉంది. సీల్ మాత్రం ఒక పక్క చీలింది.

గరిక_పీకేవాడు

చీర ఎవరిదో కనుక్కున్నావా?

నార్పల_చీనీ

పందులకు భయపడి గట్ల మీద పాత చీరలు కడతాం కదప్పా. అదే.

పానా_12_13

సీల్ మీదే సైజు అచ్చు ఉంటుంది, 35 52 7 అన్నట్టు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ నంబర్ తీసుకుపోతే ఏ బేరింగ్ షాపులోనైనా ఇస్తారు, స్లాషర్ కంపెనీ పేరు అక్కర్లేదు. తొడిగే ముందు షాఫ్ట్ మీద వేలు పెట్టి చూడు. పాత సీల్ అంచు తగిలినచోట గాడి పడి ఉంటే, కొత్తదాన్ని ఆ గాడిలోనే కూర్చోబెట్టకుండా ఒక మిల్లీమీటరు అటో ఇటో జరిపి కొట్టు. అంచుకు కొంచెం గ్రీజు రాయి. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు రావాలి. సుత్తితో నేరుగా కొట్టొద్దు, పాత సీల్‌నో సైజుకు సరిపడే పైపు ముక్కనో మీద పెట్టి సమంగా దించు.

మైదుకూరు_పసుపు

మా పక్క తోటాయన సీల్ మార్చడం ఎందుకని గేర్‌బాక్స్ నిండా చక్రాలకు పెట్టే గ్రీజు కుక్కేశాడు. కారడం ఆగింది అంటున్నాడు. అట్లా చేయొచ్చా?

నల్లరేగడి

కారడం ఆగుతుంది, పని కూడా ఆగుతుంది. గట్టి గ్రీజులో గేరు తిరిగి తనకో దారి తవ్వుకుంటుంది, పక్కన ఉన్న గ్రీజు మళ్లీ పళ్ల మీదకు రాదు. పై బేరింగ్ ఎండిపోతుంది. వేడి బయటకు పోయే దారి కూడా ఉండదు.

పాత_ట్రాక్టర్

నేను చేసి చూశాను, రెండు సీజన్లు నడిచింది.

నల్లరేగడి

మూడో సీజన్?

పాత_ట్రాక్టర్

అమ్మేశాను.

శనక్కాయ_చేను

నార్పలకు అమ్మలేదు కదా పెద్దాయనా?

పానా_12_13

ఒక మాట చెప్పాలి. కారే పాత పెట్టెలకు పలచటి గ్రీజు ఉంటుంది, 00, 000 నంబర్లలో. అది జారుతుంది, గేరు తిరిగేకొద్దీ పళ్ల మీదకు వస్తుంది. సీల్ దొరకని పాత మిషన్లకు కొందరు వాడతారు. మామూలు నంబర్ 2, 3 గ్రీజు వేరు. సీల్ దొరుకుతుంటే ఈ తిప్పలు అక్కర్లేదు.

నార్పల_చీనీ

అప్‌డేట్. సిరంజితో కాదు, లావు పైపు పెట్టి లాగాను. అడుగున ముందు నీళ్లే వచ్చాయి, ఆ తర్వాత తెల్లటి ముద్ద. నల్లరేగడి అన్న చెప్పినట్టు చవక 90తో తొలిపాను, తెలుపు పోయేదాకా. సీల్ మార్చాను, బ్రీదర్ దొరికింది. ఒక డౌట్. లాగిన ఆయిల్‌లో అయస్కాంతం పెట్టి తిప్పితే బూడిద రంగు మెత్తటి పేస్టు అంటింది. రెండు చిన్న మెరిసే రేకులు కూడా. భయపడాలా?

పానా_12_13

వేళ్ల మధ్య నలిపితే మెత్తగా పోయే పేస్టు మామూలు అరుగుదల, అది ఎప్పుడూ ఉంటుంది. రేకులు గోటితో పట్టుకునేంత ఉన్నాయా, మిలమిలా మెరిసే పొడేనా? ఒక పక్క చదునుగా, ఒక పక్క విరిగినట్టు ఉంటే గేరు పన్ను ముక్క. పై బిరడాలోంచి టార్చి వేసి, చేత్తో ఒక్కొక్క పన్నూ తిప్పుతూ చూడు.

నార్పల_చీనీ

చూశాను. పళ్లన్నీ ఉన్నాయి. ఒకదాని అంచు కొంచెం తిన్నట్టుంది, విరగలేదు.

పానా_12_13

అయితే నడుపు. ఈసారి ఆయిల్ తొందరగా మార్చు. కొత్త మిషన్లకు మొదటి 50 గంటలకు ఒకసారి, తర్వాత 500 గంటలకో ఏడాదికో అని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. నీది కొత్తది కాకున్నా ఆ మొదటి 50 లెక్కే పెట్టుకో. లోపల మూలల్లో మిగిలిన ముద్ద కొత్త ఆయిల్‌లో కరిగి వస్తుంది, అప్పుడు తీసేస్తే శుభ్రం.

నల్లరేగడి

నార్పల కదా మీది, గార్లదిన్నె పక్కనే. అక్కడ కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దక్షిణాది మొత్తానికి అదే. రైతులకు, మెకానిక్‌లకు యంత్రాల మరమ్మతు మీద శిక్షణ ఇస్తారు. రోటవేటర్లు, స్లాషర్లు లాంటివి పరీక్షించి రిపోర్టులు కూడా ఇస్తారు. ఇంత దగ్గర పెట్టుకుని షాపాయన్ని అడుగుతున్నారు.

నార్పల_చీనీ

ఆ గేటు ముందునుంచి రోజూ పోతాను అన్నా, లోపల ఏం చేస్తారో ఎప్పుడూ అడగలేదు. ఈ వారం పోతా.

కాలేజీ_గ్రౌండ్

తీసిన పాత ఆయిల్ ఏం చేశారు?

పాత_ట్రాక్టర్

చెదలకు కొట్టం గుంజలకు పూస్తాం. ఇంకేం చేస్తారు.

పులివెందుల_అరటి

గుంజలకు పూస్తే పూశారు, చెట్ల మొదళ్లలో పోయకండి, బోరు దగ్గర అసలే వద్దు. మా వీధిలో ఒకాయన బోరు కేసింగ్ పక్కనే వంపాడు, ఆ నీళ్లమీద నూనె తెట్టు కట్టడం మానలేదు.

కాలేజీ_గ్రౌండ్

వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద వస్తుంది, 2016 నిబంధనల్లో ఉంది. మేము డబ్బాలో పోసి మూతపెట్టి, పెద్ద వర్క్‌షాపు వాళ్ల డ్రమ్ములో వేస్తాం. దాన్ని తీసుకుపోవడానికి లైసెన్స్ ఉన్నవాళ్లు వాళ్ల దగ్గరికి వస్తారు. నీళ్లు కలిసినది విడిగా పెట్టండి, వాళ్లు గొణుగుతారు.

నార్పల_చీనీ

డబ్బాలో మూతపెట్టి షెడ్డులో ఉంచాను. తాడిపత్రి పోయినప్పుడు ఇచ్చేస్తా.

ఇంకో చిన్న సంగతి. నిన్న ఎకరం కొట్టాను. గేర్‌బాక్స్ చేయి పెట్టలేనంత వేడెక్కింది, బ్రీదర్ దగ్గర కొంచెం ఆయిల్ చెమ్మ. సీల్ దగ్గర పొడిగా ఉంది.

పానా_12_13

పోసేటప్పుడు స్లాషర్ సమంగా ఉందా, ట్రాక్టర్‌కు తగిలించి ముందుకు వాలి ఉందా?

నార్పల_చీనీ

తగిలించే ఉంది. ముందుకు కొంచెం వాలి ఉన్నట్టుంది.

పానా_12_13

అయితే ఎక్కువ పోశావు. చల్లారాక సమమైన బండ మీద దింపి పక్క బోల్టు విప్పు, ఎక్కువైనది దానంతట అదే కారిపోతుంది. ఆయిల్ ఎక్కువైతే గేరు దాన్ని చిలుకుతూ నురగ చేస్తుంది, ఆ నురగే బ్రీదర్‌లోంచి వచ్చేది. వేడికి కూడా అదే కారణం కావచ్చు.

నార్పల_చీనీ

ఒక టీ గ్లాసుకు పైనే కారింది. మళ్లీ అరెకరం కొట్టి చూశాను. వేడి ఉంది కానీ చేయి ఆనుతోంది. బ్రీదర్ పొడిగా ఉంది.

గరిక_పీకేవాడు

ఇంక పక్క తోటవాళ్లు అద్దెకు అడుగుతారు చూడు. ఆయిల్ నీది, గడ్డి వాళ్లది.

నార్పల_చీనీ

అప్పుడే ఇద్దరు అడిగారు. డ్రిప్ పైపులు చుట్టేస్తేనే తోలతానని చెప్పాను.